దిష్టిచుక్క పెట్టిన పోస్టరు

మా అమ్మాయి పోయింది. పొద్దున్నే పెరుగన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, ఫెర్రీకి టైమయిందని బూట్లు తొడుక్కుని పరిగెత్తిన మనిషి, పడవ హార్బరు అవతలి ఒడ్డుకు చేరేలోపే కూలిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆ వేళకు నేను వంటింట్లో మినప్పప్పు కడుగుతున్నాను. అల్లుడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "అత్తయ్యా, మీరొకసారి కూర్చోండి" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ అబ్బాయి నన్ను కూర్చోమనీ అనలేదు, లేవమనీ అనలేదు. ఆ ఒక్క మాటతోనే నాకు తెలిసిపోయింది. నేను కూర్చోలేదు. నీళ్ళు తేటపడ్డాక కూడా పప్పు కడుగుతూనే ఉన్నాను.

రోజూ పడవ పై అంతస్తులో నిలబడి మా బాల్కనీ వైపు చెయ్యి ఎత్తేది. నేను టీ గ్లాసు ఎత్తి చూపించేదాన్ని. ఆ రోజు చలి ఎక్కువని అది లోపలే కూర్చున్నట్టుంది. నేనూ బాల్కనీలోకి రాలేదు.

హాలిఫాక్స్‌లో మన తెలుగువాళ్ళందరికీ ఈ సంగతి తెలిసిందే. వండి తెచ్చి పెట్టారు, నన్ను పట్టుకుని ఏడ్చారు. మీ రుణం తీరేది కాదు. మన సంఘం పత్రిక పని చూసే అమ్మాయి, "ఆంటీ, అక్క గురించి మీరే ఏదైనా రాయండి" అంది. నేను చదివింది ఐదో తరగతి. జాకెట్లు కుట్టి పిల్లని చదివించాను గాని, కాగితం మీద ఇంత పొడుగు ఎన్నడూ రాసి ఎరగను. అయినా సరేనన్నాను. ఎందుకంటే ఆ రోజు మా గుమ్మంలో మీరొకటి చూశారు. చూసి తలలు తిప్పుకున్నారు. దాని సంగతి మీకు చెప్పుకుంటేగాని నాకు ముద్ద దిగదు.

పరామర్శకు మీరంతా వచ్చిన రోజు బయట మంచు. మా గుమ్మం లోపల, బూట్లు విప్పి పెట్టుకోవడానికి అంచులు పైకి మడిచిన ప్లాస్టిక్ అట్ట ఒకటి ఉండేది. వచ్చినవాళ్ళ బూట్లన్నీ దాని మీదే. మంచు కరిగి, రోడ్డు మీది ఉప్పంతా కలిసి, అట్ట నిండా మురికినీళ్ళు నిలిచాయి. కింది అంతస్తులో ఉండే అమ్మాయి, పాపం మంచి మనసుతోనే, "ఆంటీ, మీరు లేవకండి, నేను ఒంపేసి వస్తా" అంటూ బూట్లు పక్కకు సర్ది అట్టను నిలువుగా ఎత్తింది. అడుగువైపు గదిలోకి తిరిగింది.

అటువైపు మా అమ్మాయి ముఖం ఉంది. నీలం కోటు, నుదుట బొట్టు, పళ్ళు కనపడేలా నవ్వు.

పెద్దాయన ఒకరు "ఇదేంటండీ ఇది..." అనబోతే ఆయన భార్య మోచేత్తో పొడిచింది. ఎత్తిన అమ్మాయికి ఏం చెయ్యాలో తోచక, ఆ ముఖాన్ని గుండెలకు అదుముకుని అక్కడే నిలబడిపోయింది. మురికినీళ్ళు ఆమె చీర మీద కారుతున్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. కూతురు పోయిన దుఃఖం అంతవరకూ గొంతులో ఉంది. ఆ క్షణంలో దాన్ని తోసేసి సిగ్గు వచ్చి కూర్చుంది. ఇంత దుఃఖంలోనూ సిగ్గు ముందుకొస్తుందని నేను అనుకోలేదు.

వెళ్ళేటప్పుడు లిఫ్టు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు మెల్లగా మాట్లాడుకున్నారు. మా తలుపు ఓరగా వేసి ఉంది.

"కన్నకూతురి ఫోటో మీద బూట్లు పెట్టిస్తారా ఎవరైనా? ఇంట్లో ఏం గొడవలున్నాయో ఏమో."

"ఊరుకోవే, వినపడుద్ది."

వినపడింది. గొంతునుబట్టి ఎవరో కూడా తెలుసు. వాళ్ళమీద నాకు కోపం లేదు. ఇంకొకరింట్లో చూసి ఉంటే నేనూ అదే అనేదాన్ని.

ఇక్కడికి రాకముందు మేము డబ్లిన్‌లో ఉండేవాళ్ళం. ఐర్లాండ్ దేశానికి రాజధాని. అక్కడ మా అమ్మాయి నగర కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడింది. కౌన్సిల్ అంటే మన మున్సిపాలిటీ లాంటిది. ఆ దేశంలో ఒక పద్ధతుంది. పౌరసత్వం లేకపోయినా అక్కడ కాపురం ఉంటే చాలు, ఊరి ఎన్నికల్లో ఓటు వెయ్యొచ్చు, నిలబడనూ వచ్చు. అది నిలబడిన సంగతి మీలో ఒక్కరికీ తెలియదు. చెప్పొద్దని దానికి నేనే చెప్పాను.

ఎందుకు నిలబడిందంటే, నా మోకాళ్ళ వల్ల. మా వీధి చివర బస్టాపులో ఒక స్తంభం తప్ప ఇంకేమీ లేదు. ఒకరోజు నన్ను అక్కడ నిలబెట్టి మందుల షాపులోకి వెళ్ళింది. నేను నిలబడలేక ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాను. పాత చీర, పైన అల్లుడి కోటు, చలికి చేతులు ఒళ్ళో ముడుచుకున్నాను. దారినపోయే ఒకతను వంగి, నా ఒళ్ళో చిల్లర నాణెం వేసి, ఏదో మంచి మాటే చెప్పి వెళ్ళిపోయాడు. అమ్మాయి వచ్చేసరికి ఆ నాణెం నా అరచేతిలో ఉంది.

"ఇదేంటమ్మా?"

"ఎవరో ఇచ్చారే."

అది నా వంక చూసింది, నేల వంక చూసింది. ఆ తర్వాత బెంచీ వేయించమని కౌన్సిల్‌కు ఎన్నిసార్లు రాసిందో. మర్యాదగా జవాబులు వచ్చేవి, బెంచీ మాత్రం రాలేదు. ఒక సాయంత్రం అన్నం తింటూ, "నేనే నిలబడతా" అంది.

"బెంచీ కోసం ఎలక్షనా? ఇంట్లో స్టూలుంది, బస్టాపుకు నేనే పట్టుకెళ్తానే తల్లీ" అన్నాను.

"స్టూలైతే నీ ఒక్కదానికే కదమ్మా" అంది.

అల్లుడు నవ్వి, "అత్తయ్యా, మీ అమ్మాయి మాట మీద ఓటింగ్ అయిపోయినట్టే" అన్నాడు. మా ఇంట్లో గెలిచింది అలా.

అక్కడ పోటీ చేసేవాళ్ళ ముఖాలు పెద్ద పెద్ద ప్లాస్టిక్ అట్టల మీద అచ్చువేయించి, వీధిదీపాల స్తంభాలకు కడతారు. మా ఒంగోలు వైపు స్తంభానికి ఫోటో ఎక్కిందంటే ఆ మనిషి నాయకుడైనా అయ్యుండాలి, పోయి అయినా ఉండాలి. నాయకుడిదైతే చేతులు జోడించి ఉంటుంది, పోయినవాళ్ళదైతే కింద 'అశ్రునివాళి' అని ఉంటుంది. మా అమ్మాయి ఫోటోలో చేతులు జోడించలేదు. ఊరికే నవ్వుతోంది. హాల్లో గోడకు ఆనించిన కట్ట నిండా అదే ముఖం. ఒక్క ముఖానికే దిష్టి తగులుతుంది కదా, ఇన్ని ముఖాలకు ఇంకెంత తగలాలి?

కాటుక అక్కడి వానకు నిలవదు. అందుకని అల్లుడి బల్ల మీది నల్ల మార్కర్ తీసుకున్నాను. మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కో అట్టకూ ఎడమ బుగ్గ మీద చుక్క పెట్టాను. జాకెట్టుకు హుక్సులు కుట్టినట్టు అన్నీ ఒకే చోట, ఒకే లావున వచ్చాయి. సాయంత్రం మసక వెలుతురులో వాళ్ళు గబగబా తీసుకెళ్ళి కట్టేశారు.

మర్నాడు ప్రచారంలో తోడున్న స్నేహితురాలు, హైదరాబాద్ అమ్మాయి, ఫోన్ చేసింది. మా అమ్మాయి స్పీకర్లో పెట్టింది.

"యార్, ఒక్క పోస్టర్ కూడా వదల్లేదు! నల్ల ఇంకు పూశారు. కావాలనే టార్గెట్ చేశారు నిన్ను. నేను స్టేట్‌మెంట్ రాసేశా, నువ్వు ఓకే అంటే పెట్టేస్తా. పోలీస్ కంప్లైంట్ కూడా ఇద్దాం."

మా అమ్మాయి ముఖం పాలిపోయింది. నేను టీ తెచ్చి ఇస్తూ, "ఎక్కడ పూశారంట?" అన్నాను.

"బుగ్గ మీదమ్మా. రౌండ్‌గా."

"ఎడమ బుగ్గేనా?"

మా అమ్మాయి మెల్లగా తలెత్తింది. "అవును. నీకెలా తెలుసు?"

"నేనే పెట్టానే. దిష్టి తగలకుండా."

అది నవ్వీ నవ్వీ నేల మీద కూలబడింది. ఫోన్లోంచి ఆ పిల్ల, "ఆంటీ! నేను రేసిజమ్ అని రెండు పేజీలు రాశానాంటీ!" అని ఒకటే గోల. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. చదువులేని తల్లి చేసిన పనికి దాని పరువు ఊరంతా స్తంభాలెక్కింది. "నిచ్చెన ఇవ్వవే, నేనే పోయి తుడిచొస్తా" అని లేచాను.

"ఉండనీ అమ్మా" అంది కళ్ళు తుడుచుకుంటూ. "తుడిస్తే ఇంకా ఎక్కువ చూస్తారు. చూడనీ. అడిగితే చెప్తా."

అడిగారు కూడా. పక్కింట్లో ఒక ఐరిష్ ముసలావిడ ఉండేది. ఆ చుక్కేమిటని అడిగితే మా అమ్మాయి చెప్పింది. ఆవిడ చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. చిన్నప్పుడు తన తల్లి మేరీమాత బొమ్మ ఉన్న బిళ్ళను తన బనియను లోపల పిన్నుతో గుచ్చి పంపేదట. "మీ అమ్మ నయం, నీకు కనపడేట్టు పెట్టింది" అందట ఆవిడ.

ఇల్లిల్లూ తిరిగి ఓటు అడగడం అక్కడి పద్ధతి. ఒక సాయంత్రం నన్నూ తీసుకెళ్ళింది. ఒక తెలుగువాళ్ళింట్లో మన సీరియల్ పాట బయటికి వినపడుతోంది. బెల్లు కొట్టాం. పాట ఆగిపోయింది. కర్టెన్ కదిలింది. తలుపు మాత్రం తియ్యలేదు. మా అమ్మాయి ఉత్తరాలు వేసే సందు పైకెత్తి కాగితం లోపలికి తోసి, అందులోంచే, "ఆంటీ, సీరియల్ చూసుకోండి, కాగితం యాడ్స్ వచ్చినప్పుడు చదవండి!" అని అరిచింది.

నేను గేటు వైపు తిరిగాను. "పోదాం పదవే. ఏంటీ బతుకు, గడప గడపకీ అడుక్కుంటూ" అన్నాను.

"ఆ రోజు నువ్వు అడక్కపోయినా నీ ఒళ్ళో వేశారు. ఇవాళ నేను అడిగినా వెయ్యట్లేదు. సరిపోయింది" అని నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడు నా భుజం మీద చెయ్యేసి, "అడగడానికి సిగ్గెందుకమ్మా? కావలసింది నోరు తెరిచి అడక్కుండా ఇంట్లో కూర్చుని తిట్టుకోవడమే సిగ్గు" అంది. పక్కింటి గేటు తీసింది. నేను రోడ్డు మీదే నిలబడ్డాను.

ఓటు వేసిన రోజు మాత్రం నాకు బాగుంది. చిన్నపిల్లల బడి. పెన్సిలు దారంతో కట్టి ఉంది. కాగితం మీద అందరి ఫోటోలూ ఉంటాయి, మనకు ఎవరు ముందో, ఎవరు తర్వాతో అంకెలు వేసుకుంటూ పోవాలి. మా అమ్మాయికి ఒకటి వేశాను. తెల్లమీసాల పెద్దాయన ఒకరు నిజాయితీగా కనిపిస్తే ఆయనకు రెండు వేశాను. పెట్టెలో వేసి, అక్కడ కూర్చున్నావిడ ముందు చూపుడువేలు చాపి నిలబడ్డాను, ఇంకు రాస్తుందని. ఆవిడ నా వేలు చూసి, ఏమనుకుందో, తన చెయ్యి చాపి షేక్‌హ్యాండ్ ఇచ్చింది.

ఓడిపోయింది. మొదట్లోనే పోయినవాళ్ళలో ఉంది. పెద్ద హాల్లో లెక్కపెడుతూ, తక్కువ వచ్చినవాళ్ళను ఒక్కొక్కళ్ళనే తీసేస్తారు. వాళ్ళ కాగితాలు పారెయ్యరు. రెండో అంకె ఎవరికి వేశారో చూసి ఆ కట్టలో కలుపుతారు. దాని పేరు మైకులో చదివినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఓడినవాళ్ళకు చప్పట్లేమిటో నాకు అర్థం కాలేదు, వెక్కిరిస్తున్నారేమో అనుకున్నాను. అమ్మాయి మాత్రం కట్టకు కట్టిన రబ్బరుబ్యాండు విప్పి కాగితాలు ఇంకో బల్ల మీదికి తీసుకుపోతుంటే మెడ చాచి చూస్తూనే ఉంది. "మన ఓట్లు ఊరికే పోలేదమ్మా, చేతులు మారాయి. నీ మీసాలాయన ఉన్నాడుగా" అంది. బస్సెక్కాక, "గెలిచినా ఇంటికే వెళ్ళేవాళ్ళం. ఇప్పుడూ ఇంటికే వెళ్తున్నాం" అంది. ఇంటికొచ్చి ఉప్మా చేయించుకుని తింది.

నేను తినలేకపోయాను. ఒంగోలు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి, "ఏమైంది వదినా, గెలిచిందా?" అంటే, "ఇంకా లెక్కపెడుతున్నారు" అన్నాను. వారం పోయాక మళ్ళీ చేసింది. "ఇంకా లెక్కే?" అంది. "పెద్ద ఊరు కదా" అన్నాను. అమ్మాయి పక్కనే ఉంది, వింది. నేను ఫోన్ పెట్టేశాక, "వదినకి లెక్కలు నాకంటే బాగా వచ్చు" అని నన్ను గిల్లి వెళ్ళిపోయింది.

ఎన్నికలయిన వారంలోపు పోస్టర్లు ఎవరివి వాళ్ళు దించుకోవాలి. అల్లుడు నిచ్చెన పట్టుకునేవాడు, అది ఎక్కేది. స్తంభానికి బిగించిన ప్లాస్టిక్ పట్టీలు నా జాకెట్ల కత్తెరతోనే కత్తిరించింది. ఒక అట్టను మాత్రం దించగానే ముఖం లోపలికి తిప్పి కారు డిక్కీలో అడుగున పెట్టేసింది. "దానికేమైందే?" అంటే, "వానకి పాడైందిలే" అంది. తిప్పేటప్పుడు నేను చూశాను. ఎర్ర రంగుతో దాని ముఖం మీద ఏవో అక్షరాలున్నాయి. ఇంగ్లీషు చదవడం నాకు రాదు. వాన అలా రాయదని మాత్రం తెలుసు. నా చుక్క చూసి అంత నవ్విన పిల్ల ఆ రాత్రి అన్నం దగ్గర ఊరికే కూర్చుంది.

ఒక అట్ట పక్కింటావిడ అడిగి తీసుకుంది, తోటలో పనిముట్ల షెడ్డు కారుతోందని. కొన్నింటిని బోర్లా పరిచి, వెనకవైపు నున్నగా ఉందని, ఎండ కాసిన నాలుగు రోజులు సగ్గుబియ్యం వడియాలు పెట్టాను. "ప్రజాసేవ" అనేది మా అమ్మాయి, వడియం ఒకటి నోట్లో వేసుకుని.

అల్లుడికి కెనడాలో ఉద్యోగం వచ్చి ఇలా హాలిఫాక్స్ వచ్చాం. సామాను కట్టేటప్పుడు దేవుడి పటాల అద్దాలు పగలకుండా ఒక పోస్టరు అడ్డం పెట్టింది. హార్బరుకు ఇవతలి ఒడ్డున డార్ట్‌మత్‌లో ఈ ఫ్లాటులో దిగాక దాన్ని తీసి, హాల్లో పుస్తకాల పక్కన నిలబెట్టింది. ఆ ఆదివారమే మీలో రెండు మూడు కుటుంబాలు మొదటిసారి మా ఇంటికి భోజనానికి వస్తున్నాయి.

"అది తీసెయ్యవే" అన్నాను.

"ఎందుకు?"

"ఓడిపోయినదాన్ని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా? కొత్త ఊరు. వాళ్ళు అడుగుతారు, నువ్వు చెప్తావు, వెనకాల నవ్వుకుంటారు. ఇక్కడ ఎవరికీ చెప్పకు. నా మాట విను."

వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. అట్టను నేల మీద బోర్లా పడేసి, మొద్దు కత్తితో నాలుగు వైపులా గీత గీసి, అంచులు పైకి మడిచి, మూలలు టేపుతో అంటించింది. పైమడత జుట్టు మీదుగా, కింది మడత పేరు మీదుగా పోయింది. తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టి, తన బూట్లు దాని మీద పెట్టింది.

"ఓసి నీ దుంపతెగ! నీ ముఖం మీద బూట్లేంటే?"

"ముఖం కిందకుంది కదమ్మా. నీకు కనపడదు, వాళ్ళకీ కనపడదు. ఇక్కడి ఉప్పుకీ మంచుకీ ఇంతకంటే గట్టిది దొరకదు. స్తంభం మీద పనికిరాకపోయినా గుమ్మంలో పనికొస్తా."

మొదటి రోజుల్లో దాని మీద బూట్లు పెట్టడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. తర్వాత అలవాటైపోయింది. మనిషికి ఏదైనా అలవాటవుతుంది. అడుగున ముఖం ఉందన్న సంగతే మర్చిపోయాను. ఎవరైనా అతిథి బూట్లు విప్పుతూ అటూ ఇటూ చూస్తే, "పెట్టండి, పెట్టండి, అది అందుకే ఉంది" అనేది మా అమ్మాయి, నా వంక చూసి కన్ను కొట్టి.

ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ చెప్పింది. "అమ్మా, డబ్లిన్ ఆవిడ ఫోన్ చేసింది. మన బస్టాపులో బెంచీ వేశారట."

"ఎవరు వేయించారు?"

"తెలీదు. ఎవరైతే ఏం? వెనక్కి ఆనుకోవడానికి కూడా ఉందట."

ఆ మాట చెప్పి తడి బూట్లు అట్ట మీద పెట్టింది. ఆ పూటైనా ఆ అట్టను తిరగేసి, కడిగి, నిలబెట్టి ఉండాల్సింది. "కాళ్ళు కడుక్కురా, అన్నం పెడతా" అన్నాను.

పరామర్శ రోజు మీరంతా వెళ్ళిపోయాక అల్లుడూ నేనూ మిగిలాం. అట్ట స్నానాలగదిలో తొట్టికి ఆనించి ఉంది. నేను దాన్ని తొట్టిలో పడుకోబెట్టి, టేపు పీకి, మడతలు విప్పి, గోరువెచ్చని నీళ్ళతో కడిగాను. పుట్టిన పిల్లకు నీళ్ళు పోసినట్టే పోశాను. బోర్లా ఉండబట్టి ముఖం చెక్కుచెదరలేదు. అంచుల్లో మాత్రం ఉప్పు తెల్లగా పట్టింది. జుట్టు మీద మడత గీత, పేరు మీద మడత గీత మిగిలాయి. చుక్క అలాగే ఉంది.

అల్లుడు తలుపు దగ్గరికొచ్చి, "అత్తయ్యా, పెద్దకర్మకు ఫోటో ప్రింటు చేయించాను. ఆఫీసు కార్డు మీదిది. ఫ్రేమ్ కూడా కట్టించా" అన్నాడు. చూపించాడు. అందులో అది నవ్వడం లేదు. ఎవరో కూర్చోబెట్టి తీసినట్టుంది.

"ఇది పెడదాం బాబూ" అన్నాను తొట్టిలోకి చూపిస్తూ.

అతను నేల మీద కూర్చున్నాడు. "అందరూ చూసేశారత్తయ్యా, బూట్ల కింద."

"చూశారు కాబట్టే."

కింది అంతస్తు అమ్మాయి ఆ సాయంత్రమే వచ్చింది. తనవల్లే అలా జరిగిందని ఏడ్చింది. అట్టను చూసి, "చాలా బాగుందాంటీ ఫోటో. బుగ్గ మీద మచ్చ ఒకటి పడింది, మా ఇంట్లో నెయిల్ పాలిష్ రిమూవర్ ఉంది, రాస్తే పోతుంది" అంది. పరుగున వెళ్ళి తెచ్చింది. దూది తడిపి నా చేతికిచ్చింది.

నేను దూది పట్టుకుని కూర్చున్నాను. పోయినవాళ్ళకు దిష్టి తగలదు. ఇక ఆ చుక్కతో పనిలేదు, అది నిజమే. అన్ని స్తంభాల మీద అన్ని ముఖాలకూ చుక్క పెట్టాను, అసలు ముఖానికి పెట్టడం మానేసి ఎన్నేళ్ళయిందో. దూదిలోని మందు ఆరిపోయింది.

"వద్దులేమ్మా, ఉండనీ" అన్నాను.

పెద్దకర్మ రోజు, అద్దెకు తీసుకున్న హాల్లో ఆ అట్ట కుర్చీలో నిలబడలేదు, జారిపోతోంది. అల్లుడు నా వంక చూశాడు. "స్తంభానికి కట్టండి బాబూ" అన్నాను. హాలు మధ్య స్తంభానికి ప్లాస్టిక్ పట్టీలతో కట్టాడు. ఎలా బిగించాలో అతనికి తెలుసు. దండ వేశారు. ఒకళ్ళిద్దరు దగ్గరికొచ్చి, "పేరు పక్కన ఆ ఒకటి ఏంటాంటీ?" అని అడిగారు. మొదటి ఓటు తనకు వెయ్యమని అర్థం, అని చెప్పాలి. అప్పుడు దండ సర్దుతూ ఉండిపోయాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మా అమ్మాయి ఒక పెద్ద ఊళ్ళో, ఒక బెంచీ కోసం, అందరి ఇళ్ళకూ వెళ్ళి ఓటు అడిగింది. ఓడిపోయింది. మీకందరికీ చెప్పుకోవలసిన సంగతి. దాచింది నేను.

అట్ట ఇప్పుడు మా బాల్కనీ కడ్డీలకు, హార్బరు వైపు ముఖం పెట్టి ఉంది. అపార్ట్‌మెంటు మేనేజరు వచ్చి, ఎలక్షన్ బోర్డులు బాల్కనీలో పెట్టకూడదన్నాడట. "ఎలక్షన్ ఎప్పుడో అయిపోయింది, షీ లాస్ట్" అని అల్లుడు చెప్పాడట. మేనేజరు మళ్ళీ రాలేదు. రోజూ పొద్దున ముఖం మీది మంచు చీపురుతో దులుపుతాను.

మొన్న ఏవో కాగితాల మీద సంతకం పెట్టాలని అల్లుడు నన్ను అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళాడు. ఆ పడవ నేను ఎక్కడం తక్కువ. పై అంతస్తుకు వెళ్దామన్నాను. చలి, గాలి. ఆఫీసులకు పోయేవాళ్ళు మెడలు ముడుచుకుని నిలబడ్డారు. ఒడ్డు దూరమవుతుంటే మా బాల్కనీ వెతుక్కున్నాను. దొరికింది. అంత దూరానికి నీలం ముక్క ఒకటి, అంతే. నవ్వు కనపడదు, చుక్క అసలే కనపడదు.

నేను చెయ్యి ఎత్తాను. చుట్టుపక్కల వాళ్ళు నా వంకా, నేను చూస్తున్న వైపూ చూశారు.

చూడనీ. ఆ నీలం ముక్క కనపడినంతసేపూ చెయ్యి దించలేదు.